1942 నాటి బ్రిటన్ స్త్రీల దుస్తులు, కేశాలంకరణ, ముఖాలంకరణ: ఒక నాటకం కోసం సలహాలు కావాలి

తంగేడుపువ్వు (బర్మింగ్‌హామ్):

సభ్యులందరికీ నమస్కారం. మా పేటలోని స్థానిక చరిత్ర బృందం ఈ శీతాకాలంలో ఒక చిన్న నాటకం వేయబోతోంది. కథాకాలం రెండవ ప్రపంచ యుద్ధం నడుస్తున్న 1942 శరదృతువు. కథ జరిగేది ఈ ఊళ్ళో యుద్ధసామగ్రి తయారుచేసే ఒక కర్మాగారపు భోజనశాలలో. అందులో నాలుగు స్త్రీ పాత్రలు ఉన్నాయి. ఒకరు లోహపు కడ్డీని తిప్పుతూ చెక్కే లేతు యంత్రం మీద పనిచేసే యువతి, ఒకరు దుకాణంలో లెక్కలు రాసే నడివయసు గృహిణి, ఒకరు సైన్యపు స్త్రీల విభాగమైన ఏటీఎస్‌లో కొత్తగా చేరిన అమ్మాయి, నాలుగవవారు మన దేశం నుంచి వచ్చిన స్త్రీ. ఆ నాలుగవ పాత్ర నేనే వేస్తున్నాను. దుస్తులు, అలంకరణల బాధ్యత కూడా నాకే అప్పగించారు.

అంతర్జాలంలో వెతికితే ఎక్కడ చూసినా ఒకే రకం బొమ్మ కనిపిస్తోంది: పెద్ద చుక్కల గౌను, వెడల్పుగా విచ్చుకునే స్కర్టు, నుదుటికి ఇరువైపులా ఎత్తుగా చుట్టిన జుట్టు, రెక్కల్లా సాగదీసిన కంటిగీత, ఎర్రటి పెదవులు. సబ్బు కూడా కొలిచి ఇచ్చిన రోజుల్లో కర్మాగారంలో పన్నెండు గంటలు పనిచేసిన ఆడవాళ్ళు నిజంగా అలా ఉండేవారా అన్నది నా సందేహం. బట్ట, జుట్టు, ముఖం మూడింటి గురించీ తెలిసినవారు చెప్పవలసిందిగా కోరుతున్నాను.

సూదిమొన (హైదరాబాద్):

తంగేడుపువ్వు గారూ, మీ సందేహం సరైనదే. మీరు వర్ణించిన విశాలమైన స్కర్టు, లోపల వేసుకునే పొరల లంగా, రెక్కల కంటిగీత ప్రధానంగా 1950ల దశాబ్దానికి చెందినవి. 1947 ఫిబ్రవరి 12న పారిస్‌లో క్రిస్టియన్ డియోర్ తన మొదటి ప్రదర్శనతో సన్నని నడుమునూ గజాలకు గజాలు బట్ట పట్టే స్కర్టునూ తెచ్చిన తరువాతనే ఆ ఆకారం వ్యాపించింది. 1942లో బర్మింగ్‌హామ్‌లో అటువంటి గౌను కుట్టించుకోవడం డబ్బున్నవారికి కూడా సాధ్యమయ్యే పని కాదు. ఎందుకు కాదో తెలిస్తే మీ పాత్రల బట్టలు సగం సిద్ధమైనట్టే. నాటకాలకు దుస్తులు కుట్టించే పనిలో నేను పాటించే పద్ధతి ఇదే: ఆ కాలపు మనిషికి ఏది దొరికేదో వెతికేముందు ఏది దొరికేది కాదో తెలుసుకుంటాను.

బ్రిటన్‌లో బట్టల రేషను 1941 జూన్ 1న మొదలైంది. వాణిజ్యం చూసే ప్రభుత్వ శాఖ అయిన బోర్డ్ ఆఫ్ ట్రేడ్ అధిపతి ఆలివర్ లిటిల్టన్ ఆ ఆదివారం నాడే రేడియోలో ప్రకటించారు. అంతవరకు రహస్యంగా ఉంచడానికి కారణం, ముందే తెలిస్తే జనం దుకాణాల మీద పడి ఉన్నదంతా కొనేస్తారన్న భయం. మనిషికి మొదటి ఏడాదికి 66 కూపన్లు ఇచ్చారు. వస్తువు ధరను డబ్బుగా చెల్లించడంతో పాటు దానికి నిర్ణయించిన కూపన్లను కూడా కత్తిరించి ఇవ్వవలసి వచ్చేది. ఉన్ని కోటుకు 14, ఉన్ని గౌనుకు 11, నూలు లేదా రేయాన్ గౌనుకు 7, స్కర్టుకు 7, బ్లౌజుకు 5, స్వెట్టరుకు 5, స్త్రీల బూట్లకు 5, మేజోళ్ళ జతకు 2 కూపన్లు. ఒక స్త్రీ కోటు, ఉన్ని గౌను, స్కర్టు, బ్లౌజు, స్వెట్టరు, బూట్లు ఒక్కొక్కటి, మేజోళ్ళు ఆరు జతలు కొన్నదనుకోండి, 59 కూపన్లు ఖర్చయిపోతాయి. మిగిలిన 7లో రాత్రి గౌనుకు 6 పోతే ఏడాదంతటికీ చేతిలో మిగిలేది ఒకటే. తరువాతి ఏళ్ళలో ఈ కోటా ఇంకా తగ్గింది. యుద్ధం ముగిశాక, 1945 సెప్టెంబరు నుంచి 1946 ఏప్రిల్ వరకు, ఇచ్చినవి 24 మాత్రమే. బట్టల రేషను పూర్తిగా ఎత్తివేసినది 1949 మార్చిలో.

కూపన్లతో పాటు 1942లో కుట్టు మీద కూడా ఆంక్షలు వచ్చాయి. గౌనుకు రెండు జేబులు, అయిదు గుండీలు, స్కర్టు భాగానికి ఆరు అతుకులు, రెండు పెట్టె మడతలు లేదా నాలుగు కత్తి మడతలు, మొత్తం కుట్టు 160 అంగుళాలు మించకూడదని నిబంధన. అలంకారం కోసం వేసే ఎంబ్రాయిడరీ నిషిద్ధం. మలయా రబ్బరు తోటలు జపాను చేతికి వెళ్ళిపోయాక సాగే పట్టీకి కరువు వచ్చి, దానిని స్త్రీల లోదుస్తులకే పరిమితం చేశారు. లోహం ఆయుధాలకు వెళుతున్నందువల్ల జిప్పులు అరుదయ్యాయి. అందువల్ల మీరు కుట్టించే గౌనుకు వీపు మీద పొడవాటి జిప్పు పెట్టవద్దు. ముందు వరుసగా అయిదు గుండీలు గానీ, ఎడమ పక్క నొక్కుడు గుండీలు గానీ పెట్టించండి. భుజాలు మెత్తలతో చతురస్రంగా, నడుము బిగుతుగా, స్కర్టు మోకాలి దిగువకు వచ్చేలా, అంచు దగ్గర కొద్దిగా మాత్రమే వెడల్పయ్యేలా ఉండాలి. సైనిక దుస్తుల ఛాయ ఆ భుజాల మీద స్పష్టంగా కనిపిస్తుంది.

పాతబట్టలపెట్టె (లీడ్స్):

సూదిమొన గారు చెప్పినదానితో ఏకీభవిస్తూ, ఒక్క విషయంలో మాత్రం నా అభిప్రాయం జోడిస్తాను. ఆంక్షల జాబితా చదివినవారికి ఆ కాలపు బట్టలన్నీ బోసిగా, వికారంగా ఉండేవేమో అనిపిస్తుంది. నా సేకరణలో యుద్ధకాలపు గౌన్లు, కోట్లు కొన్ని ఉన్నాయి. వాటిని చేతిలోకి తీసుకున్నప్పుడల్లా ఆ కత్తిరింపులోని తెలివికి ఆశ్చర్యం కలుగుతుంది. మడతలు పెట్టే అవకాశం లేనప్పుడు నడుము దగ్గర బట్టను లోపలికి మడిచి కుట్టే రెండు డార్టులతో, ఛాతీ మీద ఏటవాలుగా సాగే ఒక అతుకుతో ఆకారం తెచ్చారు. బట్ట మిగలకుండా ముక్కలను అమర్చడం దర్జీ కళలో అతి కష్టమైన భాగమని ఇక్కడ కుట్టు తెలిసినవారందరూ ఒప్పుకుంటారని నమ్ముతున్నాను.

ప్రభుత్వం నాణ్యతనూ ధరనూ నియంత్రించి తయారు చేయించిన బట్టలను యుటిలిటీ దుస్తులు అనేవారు. వాటి మీద సీసీ41 అనే ముద్ర ఉండేది. రెజినాల్డ్ షిప్ గీసిన ఆ ముద్రలో రెండు సీ అక్షరాలు ముక్క కోసిన గుండ్రని జున్నుగడ్డల్లా కనిపిస్తాయి కనుక జనం వాటిని రెండు జున్నులని పిలుచుకున్నారు. 1942లో బోర్డ్ ఆఫ్ ట్రేడ్ కోరిక మేరకు లండన్ డిజైనర్ల సంఘం సభ్యులు యుటిలిటీ నమూనాలు తయారుచేశారు. రాజకుటుంబానికి బట్టలు కుట్టే నార్మన్ హార్ట్‌నెల్, హార్డీ ఏమీస్, డిగ్బీ మోర్టన్, విక్టర్ స్టీబెల్, బియాంకా మోస్కా వంటివారు ఆ సంఘంలో ఉన్నారు. అంతవరకు ధనవంతులకే కుట్టిన డిజైనర్లు గీసిన నమూనా, ఫ్యాక్టరీలో కుట్టిన రూపంలో ఒక గుమాస్తా ఒంటి మీదికి వచ్చింది. నా దృష్టిలో యుద్ధకాలపు బట్టల చరిత్రలో అంతకన్నా గొప్ప సంఘటన లేదు. ఆ నమూనాలను అప్పుడే లండన్‌లోని విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియానికి ఇచ్చారు. మీరు ఇంగ్లండులోనే ఉన్నారు కనుక ఆ సంస్థ సేకరణల ఫొటోలు తప్పక చూడండి.

అయితే మీ నడివయసు గృహిణికి యుటిలిటీ సూటు వేయకండి. ఆమె తన కూపన్లను పిల్లల బూట్లకు వాడి ఉంటుంది. ఆమె ఒంటి మీద 1937, 38 నాటి కోటు ఉండాలి. మోచేతులకు మాసికలు, మెడపట్టీ తిప్పి కుట్టిన ఆనవాలు, అంచు ఒకసారి విప్పి మళ్ళీ మడిచిన గీత కనిపించాలి. పాత స్వెట్టరు విప్పి, ఆ ఉన్నిని ఉతికి, సాగదీసి ఆరబెట్టి మళ్ళీ అల్లుకునేవారు. రెండు రంగుల ఉన్ని కలిపిన చారల స్వెట్టరు ఆ పాత్రకు చాలా సహజంగా ఉంటుంది. ఇంకొక జాగ్రత్త. ‘మేక్ డూ అండ్ మెండ్’ అనే ప్రసిద్ధ ప్రభుత్వ కరపత్ర పుస్తకం 1943లో వచ్చింది. మీ కథ 1942లో జరుగుతుంది కాబట్టి దానిని బల్ల మీద పెట్టకండి. బట్టలు బాగుచేసుకునే అలవాటు మాత్రం ఆ పుస్తకానికి ముందునుంచీ ఉన్నదే.

అసలైన పాత గౌన్లు అద్దెకు తెచ్చే ఆలోచన ఉంటే మానుకొమ్మని మనవి. రేయాన్ క్రేపు నీళ్ళలో పడితే దారుణంగా ముడుచుకుపోతుంది. చంకల దగ్గర చెమట తగిలితే కుళ్ళిపోతుంది. రంగస్థలపు దీపాల వేడికి ఆ గుడ్డ ఆగదు. నమూనా చూసి కొత్త గుడ్డతో కుట్టించడమే మేలు.

తంగేడుపువ్వు:

ఇద్దరికీ హృదయపూర్వక కృతజ్ఞతలు. గృహిణి పాత్రధారికి ఆమె పెద్దమ్మ గారి పాత ఉన్ని కోటు ఒకటి ఉందట. దానికే మెడపట్టీ తిప్పి కుట్టిస్తాను. ఇక జుట్టు సంగతి. మాలో ముగ్గురికి నడుము దాకా జుట్టు ఉంది. కత్తిరించుకోవడానికి ఎవరూ ఇష్టపడరు, వారిని అడగడం కూడా నాకు ఇష్టం లేదు. ఆ చుట్లు ఇంత పొడవు జుట్టుతో వస్తాయా?

కొప్పుముడి (విశాఖపట్నం):

తంగేడుపువ్వు గారూ, పెళ్ళికూతుళ్ళ అలంకరణ నా వృత్తి. పాత కేశాలంకరణలు నేర్చుకోవడం నాకు ఎంతో ఇష్టమైన పని కనుక కొంచెం వివరంగా రాస్తాను.

విక్టరీ రోల్స్ అని ఇప్పుడు పిలిచే ఆ చుట్లు నిలబడడానికి మూలం జుట్టు కోత. అప్పటి స్త్రీలలో చాలామంది జుట్టును భుజాల వరకు, పొరలు పొరలుగా కత్తిరించుకునేవారు. రాత్రి పడుకునే ముందు తడి జుట్టును చిన్న చిన్న పాయలుగా తీసి, కొస నుంచి మొదలుపెట్టి తలకు ఆనేలా బిళ్ళలాగా చుట్టి, రెండు పిన్నులు అడ్డంగా గుచ్చి, పైన గుడ్డ కట్టుకుని పడుకునేవారు. అమ్మే లోషను దొరకనప్పుడు పంచదార నీళ్ళే వాడేవారు, పంచదార కూడా రేషనులో ఉన్నా సరే. పొద్దున పిన్నులు తీసి బ్రష్‌తో దువ్వితే అలలు అలలుగా ఒదుగుతుంది. ఆ అలలున్న జుట్టును వెనక్కి ఎత్తి చుడితే అది గంటల తరబడి కదలదు. మనలా నూనె రాసిన, పొరలు లేని, నడుము దాకా ఉన్న జుట్టును అలా చుట్టబోతే బరువుకు జారిపోతుంది.

కాబట్టి మీ ముగ్గురికీ వేరే దారి చూపిస్తాను, ఇవి కూడా ఆ కాలానివే. మొదటిది, జుట్టును రెండు జడలు అల్లి తల చుట్టూ కిరీటంలా తిప్పి పిన్నులు పెట్టడం. ఇది గృహిణి పాత్రకు బాగుంటుంది. రెండవది స్నూడ్ అనే అల్లికసంచి. ఉన్నితోనో నూలుతోనో క్రోషియా సూదితో అల్లిన ఆ వలలో వెనక జుట్టంతా దాచి, ముందు భాగంలో మాత్రం ఒక చిన్న చుట్టు చూపించవచ్చు. పొడవు జుట్టును రహస్యంగా ముడిచిపెట్టడానికి ఇంతకన్నా మంచి సాధనం లేదు. ముందు చుట్టుకు ఎత్తు కావాలంటే మన సవరంలోంచి ఒక చిన్న ముక్క తీసి లోపల దాచండి. అప్పటివారు ఇందుకోసం చిరిగిన మేజోళ్ళను ఉండచుట్టి పెట్టుకునేవారు.

ఏటీఎస్ అమ్మాయికి నియమం ఖచ్చితంగా ఉంది: యూనిఫాంలో ఉన్నప్పుడు జుట్టు కాలరును తాకకూడదు. ఆ నియమం వల్లనే పాత మేజోడును తల చుట్టూ పట్టీలా కట్టి, వెనక జుట్టు కొసలను దాని మీదుగా లోపలికి దోపుకునే పద్ధతి సైన్యంలో వ్యాపించింది. వెనకనుంచి చూస్తే మెడ మీద ఒక గుండ్రని చుట్టు మాత్రమే కనిపిస్తుంది. భుజాలు దాటని జుట్టున్న నటిని ఆ పాత్రకు తీసుకోండి.

లేతుపని (సికింద్రాబాద్):

అమ్మా తంగేడుపువ్వు, నేను యంత్రాల పనిలో జీవితం గడిపి విశ్రాంతి తీసుకుంటున్నవాణ్ణి. అలంకరణ గురించి నాకు తెలియదు గానీ లేతు గురించి తెలుసు. తిరిగే కడ్డీకి నాలుగు వెంట్రుకలు చిక్కుకుంటే చాలు, తలచర్మం ఊడివస్తుంది. యుద్ధకాలంలో అనుభవం లేని లక్షలమంది స్త్రీలు ఒక్కసారిగా యంత్రాల ముందుకు వచ్చినప్పుడు ఈ ప్రమాదం ప్రభుత్వాలను బాగా భయపెట్టింది. అమెరికాలో ఒక కంటి మీదికి జుట్టు జారవిడిచే అలంకరణకు పేరుపడిన నటి వెరోనికా లేక్, ప్రభుత్వ కోరిక మీద ఆ పద్ధతి మార్చుకుని, జుట్టు ఎత్తికట్టుకోవడాన్ని తెర మీద చూపించింది. అందువల్ల మీ లేతు అమ్మాయి పనిలో ఉన్నంతసేపు తలగుడ్డ తీయకూడదు. గుడ్డ కింద ముందు భాగంలో ఒక చుట్టు చూపించుకునే సరదా అప్పట్లో ఉన్నా, సూపర్వైజరు దానిని ఒప్పుకునేవాడు కాదు.

ఒక ప్రశ్న. మీ నాటకంలోని కర్మాగారం విడిభాగాలు తయారుచేసేదా, గుండ్లలో మందు కూరేదా? మందు కూరే కర్మాగారమైతే తలపిన్ను కూడా లోపలికి తీసుకెళ్ళనివ్వరు. లోహం రాసుకుని నిప్పురవ్వ పుడితే భవనమే పేలిపోతుంది కనుక ద్వారం దగ్గర తనిఖీ చేసి పిన్నులు, నగలు, అగ్గిపెట్టెలు తీసేయించేవారు. తీయలేని పెళ్ళి ఉంగరానికి పట్టీ చుట్టించేవారు. అక్కడి స్త్రీ తలగుడ్డ పిన్ను లేకుండా ముడితోనే నిలవాలి.

తలగుడ్డ అనగానే కండ చూపించే అమెరికా స్త్రీ పోస్టరు అందరికీ గుర్తుకు వస్తుంది. జె. హోవర్డ్ మిల్లర్ గీసిన ఆ బొమ్మను 1943 ఫిబ్రవరిలో వెస్టింగ్‌హౌస్ కంపెనీ తన కర్మాగారాల లోపల కొద్ది రోజులు అంటించింది. బయటి ప్రపంచం దానిని అప్పుడు చూడనే లేదు. అది లోకప్రసిద్ధమైంది 1980ల తరువాత. ఆ ఎర్రచుక్కల గుడ్డను బర్మింగ్‌హామ్ అమ్మాయి తలకు కట్టవద్దు.

తంగేడుపువ్వు:

విడిభాగాలు తయారుచేసే కర్మాగారమేనండీ, విమానాలకు సంబంధించినవి. పిన్నులు వాడవచ్చని అర్థమైంది. ముఖాలంకరణ గురించి కూడా ఎవరైనా చెప్పగలరా?

రంగులడబ్బా (హైదరాబాద్):

సినిమా, టీవీ రంగాలలో మేకప్ పని చేసే అనుభవంతో చెబుతున్నాను. యుద్ధకాలపు ముఖంలో ప్రధానమైనవి మూడు: మెరుపు లేకుండా పౌడరు అద్దిన చర్మం, సహజానికి దగ్గరగా ఉండే కనుబొమలు, ఎర్రటి పెదవులు. 1930ల దశకంలో కనుబొమలను దారంలా సన్నగా చేసుకునేవారు. యుద్ధకాలానికి అవి మళ్ళీ నిండుగా పెరిగాయి. కళ్ళకు రంగు చాలా తక్కువ. మస్కారా గట్టి బిళ్ళ రూపంలో వచ్చేది; తడిపిన చిన్న బ్రష్‌తో రుద్ది రెప్పలకు పూసుకునేవారు. పై రెప్ప మీద కొంచెం వాసెలీను రాస్తే చాలుననుకునేవారు ఎక్కువ.

బ్రిటన్‌లో సౌందర్య సాధనాలకు కూపన్లు పెట్టలేదు. అయితే 1940 నుంచి వాటి తయారీని బాగా తగ్గించి, పన్ను పెంచారు. గ్లిజరిన్, ఆల్కహాలు, నూనెలు అన్నీ యుద్ధానికి కావలసిన పదార్థాలే. లిప్‌స్టిక్కు లోహపు గొట్టాలు కూడా తగ్గిపోయాయి. అందుకని స్త్రీలు అరిగిపోయిన లిప్‌స్టిక్కుల అడుగున మిగిలిన ముక్కలను గోకి, వేడినీళ్ళ గిన్నెలో కరిగించి ఒకే డబ్బాలో పోసుకునేవారు. బుగ్గలకు కూడా అదే రంగును వేలితో అద్దుకునేవారు. బీట్‌రూటు రసం పెదవులకు, కాల్చిన బెండు మసి కనుబొమలకు వాడారు. రంగస్థలం మీద మీరు ఈ పని నిజంగా చేసి చూపించవచ్చు: ఒక పాత్ర అగ్గిపుల్లతో గొట్టం అడుగు గోకి పెదవికి రాసుకుంటే ప్రేక్షకులకు రేషను గురించి వేరే సంభాషణ అవసరం ఉండదు.

పెదవి ఆకారంలో ఒక సూక్ష్మం ఉంది. పై పెదవిని కొంచెం గుండ్రంగా, నిండుగా గీసేవారు. ఎరుపులో నీలిఛాయ ఉన్నది తెల్లని చర్మానికి నప్పుతుంది. మన చర్మపు రంగుకు ఇటుక ఎరుపు గానీ ముదురు మెరూన్ గానీ బాగుంటుంది. మెరిసే రకం లిప్‌గ్లాసు దగ్గరకు రానివ్వకండి. అమెరికా మెరైన్ దళపు స్త్రీల విభాగం కోసం ఎలిజబెత్ ఆర్డెన్ సంస్థ మాంటెజుమా రెడ్ అనే రంగును తయారుచేసింది. వారి టోపీ మీది ఎర్రని తాడుకు సరిపోయేలా దానిని రూపొందించారు. యూనిఫాంలో ఉన్న స్త్రీ కూడా స్త్రీలాగే కనిపించాలని ఆ ప్రభుత్వాలు కోరుకున్నాయన్నమాట. లిప్‌స్టిక్ వారికి ధైర్యాన్ని ఇచ్చిందని నేను నమ్ముతాను.

చరిత్రపాఠం (వరంగల్లు):

రంగులడబ్బా గారి సాంకేతిక వివరాలు చాలా విలువైనవి. చివరి వాక్యం మీద మాత్రం నాకు అభ్యంతరం ఉంది. అందంగా ఉండడం స్త్రీ దేశసేవలో భాగమని యుద్ధకాలంలో పత్రికలు, ప్రకటనలు హోరెత్తించాయి. అటువంటి ప్రకటనలు వేసినవారిలో ఎక్కువమంది సౌందర్య సాధనాలు అమ్మే కంపెనీలే. బ్రిటన్ 1941 డిసెంబరులో చట్టం చేసి, 20 నుంచి 30 ఏళ్ళ వయసున్న పెళ్ళికాని స్త్రీలను తప్పనిసరి సేవకు పిలిచింది. మగవారు చేసిన పనినే చేస్తున్నా వారికి జీతం తక్కువ. 1943లో గ్లాస్గో సమీపంలోని హిల్లింగ్టన్‌లో ఉన్న రోల్స్ రాయిస్ కర్మాగారంలో స్త్రీలు జీతాల విషయమై సమ్మె చేశారు. సమాన వేతనం ఇవ్వకుండా, పెదవులకు రంగు వేసుకుని మనోధైర్యం కాపాడుకొమ్మని చెప్పడంలోని అన్యాయాన్ని మనం గుర్తించాలి. తంగేడుపువ్వు గారి నాటకంలో లేతు అమ్మాయి అలసిపోయి, గోళ్ళ సందుల్లో నూనె మరకలతో, పెదవులకు ఏ రంగూ లేకుండా కనిపిస్తే అది కూడా సత్యమే అవుతుంది.

రంగులడబ్బా:

చరిత్రపాఠం గారూ, జీతం విషయంలో మీరు చెప్పినది అక్షరాలా నిజం. ప్రకటనలు ఎవరి లాభం కోసం రాశారో కూడా నిజమే. అయినా ఒక్క మాట. ప్రకటన చదివినందువల్లనే ఎవరూ బీట్‌రూటు ముక్క దాచుకుని రాత్రిపూట పెదవులకు రుద్దుకోరు. పగలంతా అందరిలా ఒకే బూడిదరంగు ఓవరాలు తొడుక్కున్న అమ్మాయి సాయంత్రం నాట్యశాలకు వెళ్ళేటప్పుడు తన ముఖం తనదిగా కనిపించాలని కోరుకుంది. ఆ కోరికను కంపెనీలు వాడుకున్నాయి గానీ పుట్టించలేదు. మీరు చెప్పిన గోళ్ళలో నూనె మరకలను మాత్రం తప్పక వేయిస్తాను. గోధుమరంగు ఐషాడో, కొంచెం నల్ల పెన్సిలు పొడి కలిపి గోరు అంచున రుద్దితే రెండు గంటలు నిలుస్తుంది. లేతు అమ్మాయి మొదటి రంగంలో రంగు లేకుండా, పని ముగిశాక రెండవ రంగంలో రంగుతో కనిపిస్తే మన ఇద్దరి మాటా నిలుస్తుందని నా సూచన.

చరిత్రపాఠం:

ఆ సూచన నాకు సమ్మతమే.

నేతచీర (లండన్):

నాలుగవ పాత్ర గురించి ఇంతవరకు ఎవరూ రాయలేదు కనుక నేను రాస్తున్నాను. భారతీయ స్త్రీ అనగానే చాలామందికి ఖాకీ చీర గుర్తుకు వస్తుంది. 1942లో మన దేశంలో ఏర్పడిన విమెన్స్ ఆక్సిలియరీ కోర్‌లో భారతీయ స్త్రీలు ఖాకీ చీరను యూనిఫాంగా కట్టుకోవచ్చు. తరువాత నౌకాదళపు విభాగం వచ్చింది. ఆ విభాగపు అధికారి కళ్యాణీ సేన్ 1945లో బ్రిటన్ వచ్చి, స్కాట్లండ్‌లోని రోసైత్ నౌకాస్థావరంలో చీర కట్టుతో దిగిన ఫొటో ప్రసిద్ధమైనది. బ్రిటన్‌కు వచ్చిన మొదటి భారతీయ సేవాదళ స్త్రీగా ఆమెను పేర్కొంటారు. అంటే 1942 శరదృతువులో బర్మింగ్‌హామ్ భోజనశాలలో ఖాకీ చీర కట్టుకున్న స్త్రీ ఉండే అవకాశం లేదు. బ్రిటన్‌లోనే ఉండి అక్కడి దళంలో చేరిన భారతీయ సంతతి స్త్రీ అయితే అందరిలాగే స్కర్టు, కోటు యూనిఫాం వేసుకునేది. 1940లో వైమానిక దళపు స్త్రీల విభాగంలో చేరిన నూర్ ఇనాయత్ ఖాన్ అటువంటివారే.

మీ పాత్రను వైద్యమో విద్యాశాస్త్రమో చదువుకోవడానికి యుద్ధానికి ముందు వచ్చి, ఓడలు ప్రమాదకరమై తిరిగి వెళ్ళలేకపోయిన స్త్రీగా తీర్చిదిద్దండి. ఆమె పెట్టెలో యుద్ధానికి ముందు తెచ్చుకున్న చీరలే ఉంటాయి. కొత్తవి కొనే మార్గం ఆమెకు లేదని ఒక లెక్కతో చెప్పవచ్చు. 36 అంగుళాల పన్నా గల నూలు గుడ్డ గజానికి 2 కూపన్లు కనుక ఆరు గజాలకు 12 కూపన్లు పోతాయి. చీర పన్నా అంతకన్నా ఎక్కువ. ఇక ఇంటినుంచి పార్సిలు తెప్పించుకుందామన్నా అక్కడా బట్ట దొరకడం లేదు. మిల్లుల ఉత్పత్తిలో పెద్దభాగం సైన్యానికి వెళ్ళడంతో మన దేశంలో ధరలు విపరీతంగా పెరిగి, 1943లో ప్రభుత్వం నూలు, బట్టల మీద నియంత్రణ ఉత్తర్వు తేవలసి వచ్చింది. నూలు దొరక్క మన చేనేతకారుల మగ్గాలు ఆగిన రోజులవి. 1942 ఏప్రిల్ 6న విశాఖపట్నం, కాకినాడల మీద జపాను విమానాలు బాంబులు వేశాయి. ఆ వార్త తెలిసిన తెలుగు స్త్రీ ఆ భోజనశాలలో కూర్చుని ఉంటే ఆమె మనసులో యుద్ధం మిగిలిన ముగ్గురికన్నా ఒక తీరు ఎక్కువగానే ఉంటుంది.

కట్టు విషయంలో: చీర అంచు బూట్ల మీద రెండంగుళాలు ఎత్తుగా కట్టండి, ఎందుకంటే ఇంగ్లండు వానలో నేల మీద జీరాడే చీర ఎవరూ కట్టరు. బుట్ట చేతుల జాకెట్టు, మోచేతి పైవరకు. దాని మీద అల్లిన స్వెట్టరు, ఆపైన ఇక్కడే కొన్న పొడవాటి ఉన్ని కోటు. కాళ్ళకు గట్టి తోలు బూట్లు, పొట్టి మేజోళ్ళు. జుట్టు మెడ మీద ముడి. కుంకుమ తెచ్చుకున్నది అయిపోయి ఉంటుంది కనుక, లిప్‌స్టిక్కుతో బొట్టు దిద్దుకునే ఏర్పాటు పెడితే మిగిలిన ముగ్గురి అలంకరణతో మీ పాత్రకు రంగస్థలం మీద ఒక సంబంధం ఏర్పడుతుంది.

తంగేడుపువ్వు:

నేతచీర గారూ, నా పాత్ర ఖాకీ చీరతో ఉండాలని రచయిత పట్టుబడుతూ వచ్చారు. మీరు రాసినది వారికి చదివి వినిపించాను. విద్యార్థిని పాత్రగా మార్చడానికి ఒప్పుకున్నారు. లిప్‌స్టిక్కుతో బొట్టు పెట్టుకోవడం వారికి ఎంతగా నచ్చిందంటే, గృహిణి తన డబ్బాలో కరిగించిన రంగును ఆమెకు ఇచ్చే దృశ్యం కొత్తగా రాస్తున్నారు.

రెండు సందేహాలు మిగిలాయి. ఏటీఎస్ అమ్మాయి తన పెళ్ళికి పారాచూట్ పట్టుతో గౌను కుట్టించుకుంటానని చెప్పే సంభాషణ ఉంది. అది 1942లో జరిగేదేనా? మేజోళ్ళు దొరకక కాళ్ళకు రంగు పూసుకునేవారన్నది నిజమేనా?

సూదిమొన:

పారాచూట్ గుడ్డ సంభాషణను మార్చించండి. యుద్ధం జరుగుతున్నంతకాలం అది సైన్యపు ఆస్తి; చేజిక్కించుకున్నవారు దాచుకుని వాడుకున్న సందర్భాలు ఉన్నా, యూనిఫాంలో ఉన్న అమ్మాయి భోజనశాలలో అందరి ముందూ ఆ మాట అనదు. తెల్లని పారాచూట్ నైలాను ముక్కలు కూపన్లు లేకుండా దుకాణాలలో విరివిగా దొరికినది 1945 తరువాత. 1942లో సైన్యపు అమ్మాయి యూనిఫాంలోనే పెళ్ళి చేసుకునేది, లేదా అక్క గౌనునో స్నేహితురాలి గౌనునో అరువు తెచ్చుకునేది. ఒకే గౌను నడుము విప్పి, బిగించి, మళ్ళీ విప్పి అయిదారుగురు పెళ్ళికూతుళ్ళు కట్టుకున్న ఉదాహరణలు ఉన్నాయి. అరువు గౌను మాటే మీ సంభాషణలో పెడితే సరిపోతుంది.

పాతబట్టలపెట్టె:

కాళ్ళకు రంగు పూసుకోవడం పూర్తిగా నిజం. పట్టు మేజోళ్ళను పౌరులకు అమ్మడం 1940 డిసెంబరులోనే ఆగిపోయింది. పట్టు పారాచూట్లకు వెళ్ళింది. మిగిలినవి నూలు, రేయాన్ మేజోళ్ళు. రేయాన్‌వి మోకాళ్ళ దగ్గర సంచుల్లా సాగిపోయేవి, తడిస్తే తేలికగా చిరిగేవి. అమెరికా సైనికులు తెచ్చిన నైలాను మేజోళ్ళు 1942 చివరికి ఏ అదృష్టవంతురాలికో దొరికి ఉండవచ్చు గానీ, మీ పాత్రలలో ఎవరికీ వద్దు.

కాళ్ళకు పూసుకోవడానికి దుకాణాలలో ప్రత్యేకమైన ద్రవం అమ్మేవారు. అది కొనలేనివారు మాంసపు పులుసుకు గోధుమరంగు తెచ్చే గ్రేవీ పొడిని నీళ్ళలో కలిపి పూసుకునేవారు. ఆరాక వెనకవైపు మడమ నుంచి మోకాలి వంపు దాకా కనుబొమల పెన్సిలుతో మేజోడు కుట్టులాంటి నిలువుగీత గీసుకోవాలి. సొంతంగా గీసుకుంటే వంకర పోతుంది కనుక ఇంకొకరి చేత గీయించుకునేవారు. ఎండాకాలంలో దానికి ఈగలు ముసిరేవని, వానలో చారలు కట్టి కారిపోయేదని ఆనాటివారు చెప్పినవి రికార్డయి ఉన్నాయి. మీ కథ శరదృతువులో జరుగుతుంది కాబట్టి పగలు పనిలో పాత్రలందరికీ మందపాటి నూలు మేజోళ్ళో పొట్టి మేజోళ్ళో వేయండి. సాయంత్రం నాట్యశాలకు వెళ్ళే రెండవ రంగంలో మాత్రమే లేతు అమ్మాయిని బల్ల మీద నిలబెట్టి, గృహిణి చేత గీత గీయించండి. బూటు మడమ రెండు అంగుళాలు మించనివ్వకండి, 1942 నాటి పరిమితి అంతే. గీత గీయడానికి నీళ్ళకు చెదరని పెన్సిలు వాడండి. ప్రదర్శన అయ్యాక దానిని తుడవడానికి కొబ్బరినూనె సరిపోతుంది.